అరకు రైలు ఎవరి డబ్బుతో నడుస్తోంది?

పోయిన డిసెంబరులో మన హాస్టల్ పిల్లలు అరకు విహారయాత్రకు బయలుదేరినప్పుడు పూర్వ విద్యార్థులం మేము నలుగురం కూడా వెంట వెళ్లాం. పిల్లల్ని చూసుకోవడానికి పెద్దవాళ్లు కావాలని వార్డెన్ సారు అడిగారని బయటికి చెప్పుకున్నాం గానీ అసలు సంగతి వేరు. కిరండూల్ పాసింజరు ఎక్కి మాకు చాలా ఏళ్లయింది. మళ్లీ ఆ కిటికీ దగ్గర కూర్చోవాలని ఆశ.

తెల్లవారకముందే లేచి, మెస్సులో కట్టిచ్చిన పులిహోర పొట్లాలు పట్టుకుని విశాఖపట్నం స్టేషనుకి చేరాం. అదే రైలుకి తగిలించిన అద్దాల పెట్టె దగ్గర పిల్లలు ఆగిపోయారు. పైకప్పు కూడా అద్దమే, సీట్లు గుండ్రంగా తిరుగుతాయి. దాని పేరు విస్టాడోమ్. కాసేపు చూడనిచ్చి, అందరినీ జనరల్ పెట్టెల్లోకి ఎక్కించాం. రైలు కొత్తవలస దాటాక తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు అడిగాడు.

"అన్నా, ఆ అద్దాల పెట్టెలో టికెట్టు వందల్లో ఉంటాది కదా. మనం ఇచ్చింది పదుల్లో. అంటే వాళ్ల డబ్బుతోనే మనల్ని కూడా తీసుకెళ్తున్నారా?"

మా నలుగురిలో ఒకరు రైల్వేలో ఉన్నారు, ఒకరు పోర్టులో, ఒకరు స్టీల్‌ప్లాంటులో, ఒకరు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "అంతే కదరా తమ్ముడూ" అన్నారు లెక్కల మాస్టారు. "కానే కాదు" అన్నారు రైల్వే ఆయన. ఆ మాట శృంగవరపుకోట దాకా సాగి, శివలింగపురంలో బండి ఆగేసరికి తగాదా అయింది. ఆ తగాదానే కాస్త కుదురుగా రాసి ఈ సంచికకి ఇస్తున్నాం.

ముందుగా ఈ లైను ఎందుకు పుట్టిందో చెప్పుకోవాలి. అరకు అందాలు చూపించడానికి ఎవరూ కొండలు తొలవలేదు. 1960లో జపాన్‌తో మన దేశానికి ఒక ఒప్పందం కుదిరింది. బస్తర్‌లోని బైలదిల్లా గనుల నుంచి ఏటా 40 లక్షల టన్నులు, కిరిబురు గనుల నుంచి 20 లక్షల టన్నుల ఇనుప ఖనిజం జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపాలి. బైలదిల్లా ఖనిజం ఓడ ఎక్కాల్సింది మన విశాఖ రేవులో. గనికీ రేవుకీ మధ్య తూర్పు కనుమలు అడ్డంగా ఉన్నాయి. అందుకని దండకారణ్య-బొలాంగిర్-కిరిబురు ప్రాజెక్టు కింద, జపాన్ సాయంతో, ఆ దశాబ్దంలోనే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను వేశారు. మన వాడుకలో కేకే లైను. సుమారు 445 కిలోమీటర్ల పొడవు, 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషను బోర్డు మీద సముద్రమట్టానికి 996.32 మీటర్లు అని ఉంటుంది. కాశ్మీరు లోయలో పట్టాలు పడేదాకా దేశంలో అంత ఎత్తున బ్రాడ్‌గేజి స్టేషను మరొకటి లేదు.

మాలో ఒకరి తాతగారు ఆ సొరంగాల్లో రాళ్లు మోశారు. ఆయన ఎప్పుడూ "అరకు రైలు" అనేవారు కాదు, "జపానోడి లైను" అనేవారు. పర్యాటకులకి వినడానికి వింతగా ఉంటుంది గానీ, పేరు పెట్టాలంటే అదే సరైన పేరు. సరుకు కోసం వేసిన లైను మీదే తర్వాత పాసింజరు బండి నడిపారు. ఆ తర్వాత ఎప్పటికో అద్దాల పెట్టె వచ్చింది. తర్వాత్తర్వాత మన స్టీల్‌ప్లాంటులో 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగాక, దానికి కావలసిన ఖనిజం కూడా బైలదిల్లా నుంచి ఈ దారినే దిగుతోంది.

మన హాస్టల్లో చదివినవాళ్లకి ఈ ఖనిజం బండ్లు కొత్త కాదు. రాత్రి స్టడీ అవర్లో గూడ్సు కూత వినబడితే చాలు, వేళ్లు ముడుచుకుంటూ చప్పుడుని బట్టి వ్యాగన్లు లెక్కపెట్టేవాళ్లం. పగలైతే గోడెక్కి చూసేవాళ్లం. సాధారణంగా 58 వ్యాగన్లు. ఎర్రటి దుమ్ముతో నిండుగా దిగేవి, ఖాళీగా గలగలమంటూ ఎక్కేవి. పందెం ఓడినవాడు ఆదివారం గుడ్డు ఇచ్చెయ్యాలి. ట్యూటర్ సారుకి దొరికితే ఇద్దరి గుడ్లూ పోయేవి, అది వేరే సంగతి.

ఇక లెక్కకి వద్దాం. 2017 ఏప్రిల్ 16న కిరండూల్ పాసింజరుకి మొదటి విస్టాడోమ్ పెట్టె తగిలించారు. మద్రాసు పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో తయారైంది, ఖర్చు 3 కోట్ల 38 లక్షలు, సీట్లు 40. అంటే ఒక్క సీటుకి 8 లక్షల 45 వేలు పడింది. మా లెక్కల మాస్టారు కాగితం తీశారు. టికెట్టు లెక్క కోసం 600 అనుకుందాం, నలభై సీట్లూ నిండాయి అనుకుందాం, ఒక ప్రయాణానికి 24 వేలు. ఏడాది పొడుగునా ఒక్క రోజు కూడా ఖాళీ లేకపోతే 87 లక్షల 60 వేలు. నాలుగేళ్లలో పెట్టె ఖరీదు వచ్చేసింది, ఇక మిగిలిందంతా లాభమే కదా అన్నారు.

రైల్వే ఆయన నవ్వారు. "మాస్టారూ, పెట్టె ఖరీదు వచ్చింది సరే. పట్టా ఖరీదు ఎవరిస్తారు?" అన్నారు.

అసలు కిటుకు ఇక్కడుంది. మన మెస్సుతో పోల్చి చెబితే పిల్లలకి వెంటనే అర్థమైంది. వంటమనిషి, సహాయకుడు, పొయ్యి, గిన్నెలు, వంటగది వందమంది తిన్నా ఉండాలి, సంక్రాంతి సెలవుల్లో పదిమందే మిగిలినా ఉండాలి. బియ్యం, పప్పు మాత్రమే తలల లెక్కన పెరుగుతాయి, తగ్గుతాయి. రైలుమార్గం ఇంకా ఘోరం. రోజుకి ఒక్క బండి నడిచినా సరే, పట్టా వెంట గ్యాంగ్‌మన్‌లు నడవాలి, సొరంగాల్లో నీటి ఊట చూడాలి, వానాకాలంలో జారిపడే బండలకి కాపలా ఉండాలి, వంతెనలకి రంగు వెయ్యాలి, పైన కరెంటు తీగ, కింద సిగ్నలు, ప్రతి స్టేషనులో ఒక మాస్టరు. ఇవన్నీ బియ్యం, పప్పు కావు. పొయ్యి, వంటమనిషి లాంటివి.

పర్యాటకుడేమో ఆదివారం భోజనానికి వచ్చే చుట్టం లాంటివాడు. చలికాలం నాలుగు నెలలు వస్తాడు, అందులోనూ శని, ఆదివారాలు. ఎండాకాలం తక్కువ. వానాకాలంలో కొండలు పచ్చగా ఉంటాయి గానీ అప్పుడే లైను మీద రాళ్లు పడతాయి. పైగా అరకు వచ్చేవాళ్లలో చాలామంది ఉదయం రైల్లో ఎక్కి సాయంత్రం రోడ్డు మీద దిగుతారు. పర్యాటక సంస్థ వారి ప్యాకేజీ ఏళ్ల తరబడి అలాగే నడిచింది. వెళ్లేటప్పుడు రైలు, బొర్రా గుహలు, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, థింసా నాట్యం, వచ్చేటప్పుడు అనంతగిరి కాఫీ తోటల మీదుగా బస్సు. చూసేవాడికి రెండు దారులూ చూసినట్టవుతుంది. రైలుకి మాత్రం తిరుగు టికెట్టు పోయినట్టే. సీజను ఉన్నా లేకపోయినా పెట్టె మాత్రం రోజూ నడవాలి.

ఇప్పుడు గూడ్సు వైపు చూద్దాం. ఒక వ్యాగనులో దాదాపు 60 టన్నులు. 58 వ్యాగన్లకి సుమారు 3,500 టన్నులు. రవాణా చార్జీ టన్నుకి 500 రూపాయలే అనుకున్నా, అది కేవలం లెక్క కోసం, ఒక్క బండికి 17 లక్షల 50 వేలు. 24 వేలతో భాగించండి. అద్దాల పెట్టె 73 రోజులు పూర్తిగా నిండి నడిస్తే, ఒక్క ఖనిజం బండి ఒక్కసారి కొండ దిగినంత. అలాంటి బండ్లు రోజుకి ఎన్ని దిగుతాయో మన హాస్టల్ గోడకి తెలుసు.

దేశం మొత్తం మీదా ఇదే వరస. మన టికెట్ల మీద ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని కొన్నేళ్లు అచ్చేశారు. 2024 డిసెంబరులో రైల్వే మంత్రి పార్లమెంటులో చెప్పిన ప్రకారం, 100 రూపాయలు ఖర్చయ్యే ప్రయాణానికి ప్రయాణికుడి దగ్గర తీసుకుంటున్నది 54 రూపాయలు. మిగతాది పూడ్చేది ప్రధానంగా సరుకు రవాణా. కాబట్టి తమ్ముడూ, అద్దాల పెట్టెలోవాళ్లు మనల్ని మోయడం లేదు. వాళ్లనీ మనల్నీ కలిపి మోస్తున్నది ఎర్ర మట్టి. ఒంటి పట్టా లైను కాబట్టి మన పాసింజరుని స్టేషన్లో ఆపేసి గూడ్సుని ముందు వదిలినప్పుడు మనం తిట్టుకునే తిట్లన్నీ మన బండిని పోషిస్తున్నవాడి మీదే పడుతున్నాయి.

అయితే పోషించేవాడు వెళ్లిపోతే ఏమవుతుంది? దానికి మన పక్క జిల్లాలోనే ఉదాహరణ ఉంది.

మా బ్యాచ్‌లో టెక్కలి, పాతపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లు ఉండేవారు. వాళ్ల చిన్నరైలు కబుర్లు వింటే మాకు అసూయగా ఉండేది. ఎత్తు దగ్గర బండి మూలుగుతుంటే దిగి, పక్కన తుప్పల్లో రేగుపళ్లు కోసుకుని, మళ్లీ వెనక పెట్టెలో ఎక్కేవారట. సగం కోత అనుకునేవాళ్లం. అది నౌపడ-గుణుపురం లైను. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. కలకత్తా-మద్రాసు పెద్ద లైను పర్లాకిమిడి పట్టణానికి దాదాపు 40 కిలోమీటర్ల దూరం నుంచి పోయింది. పర్లాకిమిడి రాజావారు తన రాజధానికి రైలు లేకపోతే ఎలాగని సొంత ఖర్చుతో వేయించుకున్నారు. ఖర్చు 7 లక్షలు, 1900 ఏప్రిల్ 1న మొదలైంది. మొదటి పదేళ్లూ నష్టమే. 1910 తర్వాత కాస్త కాస్తగా, 1924-25 తర్వాత బాగా లాభం కనబడింది. ఆ ధైర్యంతోనే 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం 90 కిలోమీటర్లు.

గమనించండి, రాజావారి రైలు కూడా తన కాళ్ల మీద తాను నిలబడ్డ రోజులున్నాయి. అప్పుడు ఆ ప్రాంతంలో లారీ లేదు, బస్సు లేదు. ఏ సరుకైనా, ఏ మనిషైనా రైలెక్కాల్సిందే. లారీ వచ్చాక కథ మారింది. చిన్న పట్టా బండిలో వచ్చిన ప్రతి బస్తానీ నౌపడలో దించి, పెద్ద బండికి మళ్లీ ఎక్కించాలి. రెండుసార్లు కూలీ, ఒక రోజు ఆలస్యం. లారీ అయితే కొట్టు ముందే దింపుతుంది. అలా సరుకు జారిపోయింది. బస్సు వచ్చాక తొందర ఉన్నవాళ్లు జారిపోయారు. చివరికి మిగిలింది డబ్బు లేనివాళ్లు, తొందర లేనివాళ్లు, వీళ్లిద్దరితో పాటు కెమెరాలు పట్టుకుని దూరదేశాల నుంచి వచ్చే రైలు పిచ్చివాళ్లు. 2004 జూన్ 9న చిన్నబండి ఆగిపోయింది. దాని జాగాలోనే పెద్ద పట్టా వేసి 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా బండి నడిపారు.

చిన్నబండిని అలాగే ఉంచి, ఊటీ రైలులాగా పర్యాటకులకి చూపిస్తే బాగుండేదని బాధపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల బాధ మాకు అర్థమవుతుంది. కానీ ఆ వైపు నుంచి వచ్చిన మా మిత్రుణ్ణి అడిగితే ఒక్క మాటే అన్నాడు. "మా అమ్మ ఇప్పుడు ఒకే బండిలో విశాఖ వచ్చి నన్ను చూసి వెళ్తోందిరా." మేమైతే వాడి పక్షమే.

సరుకు పోయిన లైనుని పర్యాటకంతో బతికించిన వాళ్లు లేరా అంటే, ఉన్నారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో టాలిలిన్ రైల్వే అనే చిన్న లైను ఉంది. అది కూడా మన కేకే లైనులాగే గని కోసం పుట్టింది. ఆ గనిలో తీసేది పలక రాయి, మన మార్కాపురం పలకల రాయి లాంటిది. 1946లో గని మూతపడింది. యజమాని మొండివాడు, తన ప్రాణం ఉన్నంతవరకూ బండి ఆపనన్నాడు. 1950లో ఆయన పోయాక, రైలంటే ఇష్టమున్న మామూలు జనం సంఘంగా చేరి, 1951 నుంచి జీతం తీసుకోకుండా నడపసాగారు. గుమస్తాలు, మాస్టర్లు, మెకానిక్కులు సెలవు రోజుల్లో వచ్చి పట్టాలు బిగించేవారు, బొగ్గు వేసేవారు. ప్రపంచంలో ఇలా స్వచ్ఛందంగా కాపాడుకున్న మొదటి రైలు అదేనంటారు. దాన్ని చూసి ఆ దేశంలో పదుల కొద్దీ లైన్లు అలా బతికాయి.

అంటే జీతాల ఖర్చుని ఇష్టంతో పూడ్చారన్న మాట. ఆ ఇష్టానికి కూడా ఇప్పుడు వయసైపోతోంది. ఆవిరి బండ్లు చూసి పెరిగినవాళ్లు ముసలివాళ్లయ్యారు, కుర్రాళ్లు తక్కువగా వస్తున్నారు. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వల్ల నెలల తరబడి బండ్లు నిలిచిపోయాయి. లాంగోలెన్ రైల్వే నడిపే కంపెనీ 2021లో అప్పుల్లో మునిగింది. 2022లో యుద్ధం వచ్చి రష్యా బొగ్గు ఆగిపోయింది, ధర మండిపోయింది. వేల్స్‌లోనే ఉన్న ఫోస్-వై-ఫ్రాన్ బొగ్గు గని 2023లో మూతపడింది. ఆవిరి ఇంజనుకి తిండి కూడా ఓడలో తెప్పించుకోవాల్సి వచ్చింది. డబ్బున్న దేశంలో, జీతం అడగని మనుషులతో నడిపినా ఇంత కష్టం.

మన దేశంలో స్వచ్ఛంద సంఘాలు లేవు, సర్కారే భరిస్తుంది. 1881 నాటి డార్జిలింగ్ బండికి 1999లో, ఊటీ బండికి 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గుర్తింపు పలక వేలాడదీశారు గానీ ఖర్చు తగ్గలేదు. డార్జిలింగ్ పట్టాల పక్కనే రోడ్డు ఉంది, దాని మీద లారీలు వచ్చి తేయాకు పెట్టెలు ఎప్పుడో ఎత్తుకుపోయాయి. ఊటీ బండికి కొండెక్కడానికి పళ్ల పట్టా కావాలి, ప్రత్యేకమైన ఆవిరి ఇంజన్లు కావాలి. అవి బజారులో దొరకవు గనక తిరుచ్చి దగ్గర గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో రైల్వే తానే తయారుచేసుకుంటోంది. ఇవి దేశానికి పెద్ద దిక్కైన తాతగారి లాంటివి. సంపాదన అడగం, మందులు కొంటాం.

మరి బాగా డబ్బున్నవాళ్లకే నడిపితే? ఆ ప్రయత్నమూ అయింది. 1982లో రాజస్థాన్‌లో ప్యాలెస్ ఆన్ వీల్స్ పట్టాలెక్కింది. దాన్ని చూసి 2008లో కర్ణాటక పర్యాటక సంస్థ గోల్డెన్ చారియట్ మొదలుపెట్టింది. రాజభోగాల గదులు, వేల రూపాయల టికెట్లు. నష్టాలు భరించలేక 2019లో నడిపే బాధ్యతని రైల్వేవారి ఐఆర్‌సీటీసీకి అప్పగించింది. రాజులకైనా రైలు సొంతంగా గిట్టుబాటు కాదని పర్లాకిమిడి రాజావారే మొదటి పదేళ్లలో తెలుసుకున్నారు కదా.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్లి రైలు పిచ్చి గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ పిచ్చి మాకూ ఉంది. పాశ్చాత్య దేశాల్లో ఇది ఖరీదైన వ్యసనం. ఇంట్లో గదంతా బొమ్మ పట్టాలు పరిచి, అచ్చు అసలు దానిలాంటి బొమ్మ ఇంజన్లు కొంటారు. మనకి గోడ ఉండేది. ఇంజన్ నంబర్లు చిత్తుపుస్తకం వెనక పేజీల్లో రాసుకునేవాళ్లం. విశాఖ కుర్రాళ్లం అదృష్టవంతులం. 1988 ప్రాంతంలో స్వీడన్ నుంచి, జపాన్ నుంచి తెప్పించిన డబ్ల్యూఏజీ-6 రకం ఇంజన్లు మన వాల్తేరు షెడ్డువే. మూడు నమూనాలు, ఒక్కోటి ఆరు, మొత్తం 18. ఎక్కడెక్కడి అభిమానులో వాటి కోసం ఇంత దూరం వచ్చేవారని పెద్దయ్యాక తెలిసి ముక్కున వేలేసుకున్నాం. మాకు అవి రోజూ కనబడే ఇంజన్లు. ఇప్పుడు వాటిలో ఒక్కటీ పనిలో లేదు.

బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి బండ్లు 1995తోనే అయిపోయాయి. ఆ తర్వాత చూడ్డానికి డీజిల్‌లో రకాలుండేవి, అవీ పోతున్నాయి. ఇప్పుడు ఏ స్టేషన్‌లో చూసినా ఒకే మాదిరి కరెంటు ఇంజన్లు, ఒకే మాదిరి పెట్టెలు. ఏసీ పెట్టెలో కిటికీ తెరుచుకోదు, సొరంగంలో ఈల వేసినా బయటికి వినబడదు. కుర్రాళ్లకి రైలంటే ఇష్టం తగ్గిందని పెద్దలు అంటారు గానీ, ఇష్టపడడానికి మనం ఏం మిగిల్చామో కూడా చూసుకోవాలి.

మళ్లీ మన లైనుకి వద్దాం. 2020 మార్చిలో దేశమంతా బండ్లు ఆగినప్పుడు కేకే లైను మీద పాసింజరు ఆగింది, ఖనిజం ఆగలేదు. బొర్రా స్టేషన్లో జామకాయలు, సీతాఫలాలు అమ్ముకునేవాళ్లు ఖనిజం బండ్లు పోతుంటే బుట్టలు బోర్లించుకుని చూస్తూ కూర్చున్నారు. తర్వాత పాసింజరు బండ్లు తిరిగొచ్చాయి గానీ స్పెషల్ అన్న పేరుతో వచ్చాయి. కనీస టికెట్టు 10 రూపాయలు ఉన్నది 30 అయింది. బోడవర నుంచి శృంగవరపుకోట సంతకి పోయే ముసలమ్మకి కూడా 30. మళ్లీ 10కి తగ్గించింది 2024 ఫిబ్రవరిలో. అద్దాల పెట్టె గురించి పేపర్లలో వచ్చిన ఫొటోల్లో వందో వంతు కూడా ఈ సంగతి గురించి రాలేదు. మన హాస్టల్‌కి అనంతగిరి, అరకు వైపు నుంచి వచ్చే పిల్లలు పండక్కి ఇంటికి వెళ్లేది ఏ పెట్టెలోనో చెప్పక్కర్లేదు. ఇంటికి ముగ్గురు పిల్లలుంటే 20 రూపాయల తేడా కూడా తేడాయే.

వానలొస్తే మరో బెంగ. 2023 సెప్టెంబరులో కోరాపుట్ దగ్గర మనబార్-జరతి మధ్య కొండ విరిగి లైను మీద పడితే కేకే లైను మీద బండ్లు రోజుల తరబడి తెగిపోయాయి. అంత మట్టి ఎత్తి, మళ్లీ పట్టా నిలబెట్టారంటే అది పర్యాటకుల కోసం మాత్రమే అయ్యుంటుందా? ఖనిజం లేని లైనైతే అంత మట్టిని అంత తొందరగా ఎవరు ఎత్తేవారు? ఈ ప్రశ్న మా పోర్టు మిత్రుడిది.

ప్రస్తుతానికి ఖనిజం ఉంది. ఉండటమే కాదు, కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా 189 కిలోమీటర్లు రెండో పట్టా 2015-16లో మంజూరై పనులు నడుస్తున్నాయి. అదీ ఖనిజం కోసమే, మనకి మాత్రం క్రాసింగుల్లో నిలబడే బాధ తగ్గుతుంది. ఇంకో వైపు, బైలదిల్లా నుంచి విశాఖకి 267 కిలోమీటర్ల గొట్టం కూడా ఉంది. ఖనిజాన్ని పొడి చేసి నీళ్లలో కలిపి అందులోంచి పంపిస్తారు. ఆ గొట్టానికి స్టేషన్లు లేవు, జనరల్ పెట్టె లేదు. ఖనిజం గొట్టంలోంచి ఎంత ఎక్కువ వెళ్తే మన లైనుకి అంత తక్కువ.

పైగా లెక్క రాసే పుస్తకం కూడా మారింది. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్ కోసం 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం పాత వాల్తేరు డివిజన్‌ని రెండు ముక్కలు చేసింది. దాదాపు 410 కిలోమీటర్లతో విశాఖపట్నం డివిజన్ మనకి వచ్చింది. కొత్తవలస-బచేలి లైను మాత్రం రాయగడ కేంద్రంగా వచ్చే డివిజన్‌కి, తూర్పు కోస్తా రైల్వేలోకి పోయింది. అరకు మన జిల్లాలవాళ్లదే, స్టేషను మన రాష్ట్రంలోదే. ఆ స్టేషన్లో ఒక జనరల్ పెట్టె ఎక్కువ తగిలించమని అర్జీ పెట్టుకోవాలంటే ఇకమీద రాయగడ వైపు చూడాలి. ఖనిజం ఆదాయం వాళ్ల ఖాతాలో పడుతుంది గనక లైనుని వాళ్లు బాగానే చూసుకుంటారు. పాసింజరుని ఎలా చూసుకుంటారన్నదే మా అనుమానం. పూర్వ విద్యార్థుల సంఘం తరఫున ఆ అర్జీ ఇప్పటికే రాసి పెట్టాం. సంతకాలు కావాలి, వార్షికోత్సవం రోజున మెస్సు దగ్గర బల్ల మీద ఉంటుంది.

ఆ రోజు ప్రయాణం చివర శిమిలిగుడలో మన బండిని పక్క పట్టా మీద నిలబెట్టారు. చలిగాలి వేస్తోంది. అప్పటికే పిల్లల్లో సొరంగాల తగువు నడుస్తోంది, ఇప్పటిదాకా ఎన్ని దాటామని ఒకడికీ ఇంకొకడికీ కుదరడం లేదు. 58 అన్నది మొత్తం లైనుకనీ, అరకు దాటాక కూడా ఉన్నాయనీ చెప్పినా వినలేదు. ఇంతలో ఎదుటి నుంచి ఖనిజం బండి వచ్చింది. తగువు ఆపి అందరూ కిటికీల్లోకి ఎగబడ్డారు. నిండు వ్యాగన్లు ఒక్కొక్కటే కిందికి జారిపోతుంటే గట్టిగా లెక్కపెట్టారు. ముగ్గురు 58 అన్నారు. ఆ తొమ్మిదో తరగతి కుర్రాడు 59 అన్నాడు.

గార్డు పెట్టెని కూడా కలిపేశావురా అన్నాం.